మీరేమోళ్లు?



ఈ పోస్టు రెండు మూడుసార్లు మొదలుపెట్టి మధ్యలోనే ఆపేసిన. ఈసారి ఉన్నది ఉన్నట్టు రాస్తున్న. కొంచెం పొడుగైతది, ఓపికతో చదవండి.

2019లో డిగ్రీ కోసం హైదరాబాద్ వచ్చిన. లక్డీకాపూల్‌లో రెడ్‌హిల్స్ వైపు పోయే ఒక గల్లీలో, బిల్డింగు పైన రేకుల గది దొరికింది. నేను, ఖమ్మం దిక్కు నుంచి వచ్చిన ఇంకో దోస్తు కలిసి దిగినం. ఓనరు ఆంటీ అడ్వాన్సు లెక్కపెట్టుకుంటనే మామూలుగా అడిగింది.

"మీరేమోళ్లు బాబూ?"

"ఎస్టీలం ఆంటీ."

"ఎస్టీలంటే, లంబాడోళ్లా?"

"ఆ."

అంతే. ఆ ఒక్క అక్షరం మీద నాలుగేళ్లు బతికిన. నేను లంబాడా కాదు, ఎరుకల. మాది మిర్యాలగూడ దగ్గర ఊరు. ఈ గ్రూపులో ఉన్న లంబాడా అన్నలు నన్ను మన్నించాలె. మీ పేరు చెప్పినా గది దొరకని గల్లీలు ఈ పట్నంలో ఉన్నయని మీరే ఎన్నోసార్లు రాసిన్రు. అయినా ఆ రోజు నాకు మా పేరు కంటె మీ పేరే భద్రంగ కనిపించింది. దాని వెనుక దాక్కున్న.

ఇది నాకు ఇంట్లోనే నేర్పిన్రు. హాస్టల్‌కు పంపేటప్పుడు మా అమ్మ ట్రంకు పెట్టెలో బట్టలు సర్దుకుంట చెప్పేది: "ఎవరన్న అడిగితే ఎస్టీ అని చెప్పు. ఏ ఎస్టీ అని గుచ్చి గుచ్చి అడిగితే మాట మార్చు." అమ్మది తప్పని అనను. ఎరుకలోళ్లంటే ఊళ్లో జనానికి మూడే గుర్తొస్తయి: పందులు, సోది, దొంగతనం. మొదటి రెండూ మా బతుకుతెరువులు, వాటిల్ల సిగ్గుపడేది ఏమీ లేదు. మూడోది మా మీద రాసిన రాత.

ఆ రాత ఎక్కడ మొదలైందో మనలో చాలామందికి తెలుసు, అయినా చిన్న తమ్ముళ్ల కోసం చెప్తున్న. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ అని ఒక చట్టం తెచ్చింది. 1911లో దాన్ని మార్చి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేసిన్రు. మనిషి చేసిన నేరాన్ని బట్టి కాకుండా, పుట్టిన కులాన్ని బట్టి దొంగ అని రాసుకునే చట్టం అది. పేరు నమోదు చేసుకోవాలె, వేలిముద్రలు ఇయ్యాలె, పిలిచినప్పుడు హాజరు పలకాలె. ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉన్న స్టూవర్టుపురం అట్లనే పుట్టింది. ఎరుకలోళ్లను ఒక్కచోట పెట్టి, సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి, ఆ ఊరికి హెరాల్డ్ స్టూవర్ట్ అనే దొర పేరు పెట్టిన్రు.

మా అమ్మమ్మ వాళ్ల పుట్టిల్లు ఆ గుంటూరు దిక్కే. వాళ్ల నాయన రోజూ హాజరుకు పోయేవాడట. జ్వరమొచ్చినా పోయేవాడట. "పేరు పిలిస్తే ఉన్నాను అనాలి, అంతే. ఉన్నావా లేవా అదే వాళ్లకి కావాలి, తిన్నావా లేదా అక్కర్లేదు" అనేది అమ్మమ్మ. తర్వాత తిరుపతి నాయకుడు అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన కమిటీ వేసిన్రు, ఆ చట్టం పోవాలని కమిటీ చెప్పింది. మద్రాసులో 1947లోనే తీసేసిన్రు, దేశమంతా 1952 ఆగస్టు 31న రద్దయింది. చట్టం పోయి డెబ్బై ఏళ్లు దాటింది కని మాట మాత్రం పోలేదు.

లక్డీకాపూల్‌లో డీజీపీ ఆఫీసు గోడ పక్క నుంచే నేను రోజూ బస్టాపుకు పోయేది. నన్ను ఎవ్వరూ ఏనాడూ ఆపలేదు, ఏమీ అడగలేదు. అయినా ఆ గోడ రాంగనే నా చెయ్యి దానంతటదే జేబులకు పోయేది, ఆధార్ కార్డు ఉన్నదా లేదా అని. చాలా రోజులకు అర్థమైంది, అది మా ముత్తాత చెయ్యి. ఆయన హాజరు నేను పలుకుతున్న.

ఇప్పుడు అసలు సంగతికొస్త. ఇది రాయడానికే నాకు ఇన్ని రోజులు పట్టింది.

2018 మే నెల మీకు గుర్తుండే ఉంటది. పిల్లల్ని ఎత్తుకపోయే ముఠాలు దిగినయని, పార్థీ గ్యాంగ్ వచ్చిందని తెలంగాణ అంతటా వాట్సాప్‌ల మెసేజ్‌లు తిరిగినయి. ఎక్కడివో ఫొటోలు, ఎక్కడివో వీడియోలు. ఊళ్లల్ల జనం కట్టెలు పట్టుకొని రాత్రంతా కాపలా కాసిన్రు. కొత్త మనిషి కనిపిస్తే కొట్టిన్రు, ప్రాణాలు కూడా పోయినయి. హైదరాబాద్‌లో చాంద్రాయణగుట్ట దగ్గర ఒక ట్రాన్స్‌జెండర్ మనిషిని గుంపు కొట్టి చంపింది.

ఆ నెలలనే మా మామ చాటలు, గంపలు సైకిల్‌కు కట్టుకొని అమ్మబోయిండు. పదేళ్ల నుంచి తిరుగుతున్న ఊళ్లే. ఒక ఊళ్లో బడి దగ్గర ఆగి చిన్నపిల్లను మంచినీళ్లు అడిగిండు. ఐదు నిమిషాల్ల ముప్పై మంది చుట్టుకున్నరు. ఎవడివి, ఏ ఊరు, ఏమోళ్లు? మామ నిజం చెప్పిండు: ఎరుకలోళ్లం. ఆ మాటతోని మొదటి దెబ్బ పడింది. ఆ ఊళ్లోనే ఒక ముసలవ్వ ఉరికొచ్చి, "మా ఇంట్ల చాట ఈయన అల్లిందేరా, వదలండి" అని అడ్డం పడ్డది. లేకుంటే మామ ఇయ్యాల ఉండకపోవు. ఎడమ చెవు ఇప్పటికీ సరిగ్గ వినపడదు.

మామ సంగతి తెలిసిన రాత్రి మా ఇంట్ల ఎవరూ అన్నం తినలేదు. నాకు మాత్రం ఇంకో కారణం ఉండె. అంతకు రెండు రోజుల ముందు ఆ పార్థీ గ్యాంగ్ మెసేజ్‌ను నేనే మూడు గ్రూపులకు పంపిన. మా ఇంటర్ దోస్తుల గ్రూపు, మా ఊరి గ్రూపు, ఇంకొకటి చుట్టాల గ్రూపు. పిల్లల సంగతి కదా, చెప్తే మంచిదే కదా అనుకున్న.

డిగ్రీకి వచ్చినంక ఒకరోజు లైబ్రరీల కూసొని చదివితే తెలిసింది, పార్థీలు ఎవరో. పార్ధీలు అంటే మహారాష్ట్ర దిక్కు వేట మీద బతికిన గిరిజనులు. వేటకు మరాఠీలో పారధ్ అంటరు, పేరు దాన్నుంచే వచ్చింది. మమ్మల్ని దొంగలని రాసిన చట్టమే వాళ్లనూ దొంగలని రాసింది. అంటే మా మీద పడ్డ మచ్చను తీస్కపోయి నా చేతులతోనే ఇంకో తెగకు పూసిన. అది తిరిగి తిరిగి వచ్చి మా మామ చెవుకు తగిలింది. నేను పంపిన మెసేజే ఆ ఊరికి చేరిందో లేదో నాకు తెలువదు. చేరకున్నా నా పాపం తగ్గదు.

భయపడ్డోళ్లను తిట్టబుద్ధి కాదు. పిల్లలున్న తల్లికి భయం ఉంటది. భయం నిజమే కావచ్చు, దానికి పెట్టిన పేరే అబద్ధం. అప్పుడు జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు తన పోలీసులను ఊరూరికి పంపిచ్చిన్రు. డప్పులు, పాటలతోని ఆ మెసేజ్‌లు వట్టివని జనానికి చెప్పిచ్చిన్రు. వాట్సాప్ వల్ల లేచిన భయాన్ని ముఖాముఖి మాట్లాడి దించిన్రు. అదే ఏడాది జూలైలో వాట్సాప్ కూడా మన దేశంల ఒక్కసారికి ఐదుగురికే ఫార్వర్డ్ అని హద్దు పెట్టింది. హద్దు ఫోన్‌ల ఉంది, వేలు మాత్రం మనదే.

2023 అక్టోబర్‌లో టైగర్ నాగేశ్వరరావు సినిమా వచ్చింది. మా గదిలో దోస్తు చూసొచ్చి, కింద మెట్ల మీద ఆంటీతోని కథ చెప్తున్నడు. "స్టూవర్టుపురం అంటే ఊరంతా దొంగలే అంట ఆంటీ." ఆంటీ నవ్వుకుంట, "అమ్మో, అసొంటోళ్లు మన గల్లీల లేరు, నయం" అన్నది.

నేను నీళ్ల బకెట్ పట్టుకొని పైకి పోతున్న. రెండు మెట్లు ఎక్కి ఆగిపోయిన. గొంతు ఎండిపోయింది. "ఉన్నరు ఆంటీ. నేను ఎరుకలే. మా అమ్మమ్మ వాళ్లది ఆ దిక్కే. లంబాడా అని మీకు అబద్ధం చెప్పిన" అన్న.

దోస్తు ముఖం పక్కకు తిప్పుకున్నడు. ఆంటీ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఒకటే అడిగింది: "నాలుగేండ్ల సంది ఉంటున్నవు. నాకెందుకు అబద్ధం చెప్పినవు?" నా దగ్గర జవాబు లేకుండె.

ఆ రాత్రి కింది గేటుకు తాళం ఎన్నడూ లేంది తొమ్మిదికే పడ్డది. నాకు నిద్ర పట్టలేదు. చూసినవా, చెప్పంగనే తాళమేసిన్రు అనుకున్న. తెల్లారేసరికి గది ఖాళీ చేయాలని, ఎవరెవరికి ఫోన్ చేయాలని, ఈ గ్రూపుల ఆంటీ గురించి ఏమేం రాయాలని అన్నీ అనుకున్న. మళ్లీ మామ గుర్తొచ్చిండు. తెలుసుకోకుండ అనుకునుడు వల్లనే కదా ఆయన చెవు పోయింది. పొద్దున కిందికి దిగి నేరుగా అడిగిన: "రాత్రి తాళం నా గురించి ఏసిన్రా ఆంటీ?"

ఆంటీ నా ముఖం చూసింది. "మీ అంకుల్ ఊరికి పోయిండు కదా. ఒక్కదాన్నే ఉన్న, అందుకే తొందరగా ఏసిన" అన్నది. మళ్లీ కాసేపాగి, "నీ మాట కూడా ఒకసారి మనసుల తిరిగింది, అబద్ధమెందుకు" అన్నది. ఆ రెండో మాట విన్నప్పుడు గుచ్చుకుంది. అయినా ఆ మాట అన్నందుకే ఆమెను ఇప్పటికీ గౌరవిస్త. నేను నాలుగేళ్లకు చెప్పిన నిజం ఆమె ఒక్క రాత్రికే చెప్పింది. గది ఖాళీ చేయలేదు. ఇప్పటికీ అక్కడే ఉంటున్న. అంతా తేనెలా మారిపోయిందని అనను. కాకుంటే మెట్ల మీద ఎదురైతే ఇద్దరం తల వంచుకోము.

అందరూ వెంటనే బయటికొచ్చి కులం పేరు చెప్పుకోండి అని నేననను. నాకు పట్నంల నాలుగేళ్ల కిరాయి చరిత్ర ఉంది, చదువుంది. ఒంటరిగ సైకిల్ మీద పోయే మా మామకు నిజం చెప్తే దెబ్బలే పడ్డయి. ఎక్కడ చెప్పాలె, ఎక్కడ ఆగాలె అనేది ఎవరి ప్రాణాన్ని బట్టి వాళ్లదే. కని మనలో మనకు దాపరికమెందుకు? ఈ గ్రూపులనే కోయ, గోండు, లంబాడా, చెంచు, ఎరుకల, యానాది తమ్ముళ్లున్నరు. మనమే ఒక తెగ మీద ఇంకో తెగ విన్న మాటలు మోస్తుంటం. "వాళ్లట్ల, వీళ్లిట్ల" అని ఇక్కడ కూడా చూసిన. నేనూ రాసిన, పోయిన ఏడాది ఒకటి తీసేసిన కూడా. ఇంకొక తెగ పేరుతోని ఏదన్న మెసేజ్ వస్తే, పంపే ముందు ఆ తెగ మనిషిని ఒక్కన్ని అడుగుదాం. ఈ గ్రూపుల అడగనీకి మనిషి లేని తెగ తక్కువ.

మా అమ్మమ్మ సోది చెప్పేది. ఎరుక చెప్పుడు అంటరు దాన్ని. ఎరుక అంటే తెలుసుకునుడు. మా కులం పేరులనే ఆ మాట ఉన్నది. ఇన్నేళ్లు దాన్ని ఎందుకు దాచిన్నో ఇప్పుడు నాకు నవ్వొస్తది, కొంచెం ఏడుపు కూడా వస్తది.

లక్డీకాపూల్ అంటే కట్టె వంతెన అని అర్థం. ఇప్పుడక్కడ కట్టె వంతెన లేదు, పైన మెట్రో పోతది. వంతెన పోయినా పేరు నిలబడ్డది. మా మీద పడ్డ పేరు కూడా అట్లనే ఉన్నది. దాన్ని తీసే చట్టం డెబ్బై ఏళ్ల కిందనే వచ్చింది, మిగిలిన పని మన నోటితోనే కావాలె.

ఈ గ్రూపుల నా పేరు ముందు ఇన్నాళ్లు ఉత్త "ఎస్టీ విద్యార్థి" అని ఉండె. ఇయ్యాల మార్చిన.

మీ ఎరుకల తమ్ముడు,
లక్డీకాపూల్ నుంచి.