బెదరు చేపలు

మానేటి సమీపమున కరీంనగరములో కాపురముండు మాకు చేపయనిన పులుసునకు పనికివచ్చు వస్తువే గాని, కూర్చుండి చూడదగిన ప్రాణియని యేనాడును తోచలేదు. గత సంవత్సరము మా కుమారుని వివాహమైన కొలది దినములకే మావారు నలువది లీటర్ల గాజుతొట్టియు, మూడు చిన్న చేపలును కొనితెచ్చిరి. వానిని జీబ్రా డానియోలందురు. పొడవు అంగుళమున్నర, వెండివంటి మేనిపై నీలిచారలు. పేరు క్రొత్తదైనను చేప మన దేశపుదే. వాగులలోను, వరిమళ్లలోను దిరుగు నీ చేపను హామిల్టన్ అను స్కాట్లండు వైద్యుడు 1822లో గంగానదీ మత్స్యములను గూర్చిన తన గ్రంథమున వర్ణించెను.

తొట్టిని అందరును వచ్చిపోవు వసారాలో నుంచి, పైన పెద్దదీపము వెలిగించితిమి. చేపలు అడుగునకు దిగి, గాలిమర వెనుక నక్కినవి. చారలు వెలవెలబోయినవి. మేత ముట్టవు. వచ్చిన చుట్టములకు చూపుటకై మేము గాజుపై వ్రేలితో కొట్టుచుంటిమి. అవి మరింత మూలకు బోవుచుండెను. నాలుగవ నాడు ఒకటి చనిపోయినది.

ఆ వారమే చేపలమ్ము ముసలమ్మ మా వాకిటికి వచ్చి, తొట్టిని చూచి నవ్వినది. “రెండు చేపలు ఎట్ల బతుకుతయమ్మా? గివి మందల తిరిగేటియి. తోడు లేకుంటె బుగులుపడయా?” అన్నది.

ఆ మాటతో మేము శ్రద్ధగా విచారింప మొదలిడితిమి. గుంపు చేపకు గుంపే కోట. అనేక నేత్రములు శత్రువును ముందుగా కనిపెట్టును. అనేక దేహములు కలిసి కదలగా శత్రువునకు గురి తప్పును. 1938లో కార్ల్ ఫాన్ ఫ్రిష్ అను శాస్త్రజ్ఞుడు గాయపడిన యొక చిన్న చేపను తోటి చేపలలో విడువగా, అవన్నియు బెదరి పారిపోయెనట. గాయపడిన చర్మమునుండి నీటిలో గలియు నొక పదార్థమే ఆ భయమునకు కారణమని ఆయన కనుగొనెను. డానియోలకును ఈ గుణము కలదు. అయితే అట్టి భయమునందును తోటివానిని చూచుచున్న చేప, ఒంటరి చేపకంటె తక్కువగా బెదరునని తరువాతి ప్రయోగములు తెలిపినవి. మరియు చేప ప్రక్కల వెంబడి నీటి కదలికను గ్రహించు నొక రేఖ యున్నది. మేము గాజుపై కొట్టిన ప్రతి దెబ్బయు దాని మేనికే తగిలినదన్నమాట!

సోదరీమణులారా, చేప దాగినంతనే పిరికిదని తలపరాదు. మొదట నీటిని పరీక్షింపుడు. పైకి వచ్చి నోరు తెరచి రొప్పుచున్నచో, నీటిలో ప్రాణవాయువు చాలకుండవచ్చును, లేదా నీరు చెడియుండవచ్చును. మన యెండకాలమున వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తగ్గును. కావున తొట్టిని యెండలో నుంచరాదు. క్రొత్త తొట్టిలో చేపల మలమునుండి పుట్టు అమోనియా విషము. దానిని హరించు సూక్ష్మజీవులు వృద్ధిపొందుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. మేము ఒక్క దినమైన ఆగలేదు. మా చేప చచ్చుటకు అదియు కారణము కావచ్చును.

నీరు కుదిరిన పిదప, మూడేసి చొప్పున రెండు విడతలుగా ఆరు డానియోలను చేర్చితిమి. తొట్టిని మూలగదికి మార్చి, దీపము తగ్గించి, నీటిమొక్కలు నాటితిమి. పది దినములలో ఎనిమిదియు నడినీటికి వచ్చి, ఒకదానివెంట నొకటి పరుగులిడజొచ్చినవి. చారలు మరల నీలమెక్కినవి. చేపలు హెచ్చినకొలది బెదరు తగ్గుట మాకు వింతయైనది.

ఇక చెప్పుటకు సిగ్గగు మాట యొకటి కలదు. మా కోడలు ఆదిలాబాదు పిల్ల. అక్కచెల్లెండ్ర నడుమ పెరిగినది. మా యింట అడుగిడిన నాటినుండి వంటగది విడిచి వచ్చెడిది కాదు. నలుగురిలో తినెడిది కాదు. మేము దానిని గర్వమనుకొంటిమి. చుట్టములు వచ్చినప్పుడెల్ల పిలిచి నిలువబెట్టి, “మాట్లాడవేమి?” అని అడుగుచుంటిమి. అది గాజుపై కొట్టుటయే యని మాకు తొట్టి యెదుట కూర్చుండినప్పుడు తెలిసినది.

పిలుచుట మానితిమి. ఆమె చెల్లెలిని పదునైదు దినములు మా యింట నుంచుకొంటిమి. మూడవనాటి రాత్రి మూలగదినుండి నవ్వులు వినబడినవి. అది మా కోడలి నవ్వని గుర్తించుటకు మాకు కొంతసేపు పట్టినది.

ఇప్పుడు చేపలకు మేత వేయునది ఆమెయే. ఆమె నీడ పడగానే అవి పైకి వచ్చును. మమ్ము చూచినచో మాత్రము నేటికిని కొంచెము వెనుకకు జరుగును. అందుకు మేము వానిని తప్పుపట్టము.