అరుగుకి ఇంగ్లీషేమిటి?

నేను ఇంగ్లీషు మొదలుపెట్టింది 1963లో. అప్పటికి నాకు పదకొండేళ్ళు. 'క్యాటు', 'ర్యాటు' దాటి నాలుగు మాటలు పట్టుబడేసరికి, మా మేష్టారు ఓ శనివారంనాడు, "మీ మీ ఇళ్ళలో భాగాలన్నిటికీ ఇంగ్లీషు పేర్లు వ్రాసుకురండర్రా!" అని పురమాయించారు.

మాది గోదావరి ఒడ్డున పల్లెటూరు. మండువా లోగిలి. వీధిగుమ్మానికి అటో అరుగు, ఇటో అరుగు. నోటుబుక్కు పట్టుకుని నేను ముందు, పై క్లాసు చదువుతున్న మా అన్నయ్య నా పక్కన, మా వెనకాల మా మామ్మ – ఊరేగింపు బయల్దేరింది.

మామ్మ రావడానికి కారణం వుంది. మా పెదనాన్నకి ఢిల్లీలో సర్కారు ఉద్యోగం. "ఇంక మా దగ్గరే వుందువుగాని, వచ్చెయ్యమ్మా" అని ఉత్తరం వ్రాశాడు. పెద్దమ్మ పట్నంలో పుట్టి పెరిగిన మనిషి. మాటకి ముందు ఇంగ్లీషు. "అది ఏదో తెమ్మంటే నేను ఇంకేదో తెస్తే పరువు తక్కువ కదుట్రా? నాలుగు ముక్కలు నాకూ చెప్పు నాయనా" అంది మామ్మ.

తలుపు డోరు. కిటికీ విండో. వంటిల్లు కిచెను. మామ్మ ఒక్కొక్కటే వల్లించుకుంటూ వస్తోంది. అటకని 'ఆటిక్' అంటారని అన్నయ్య చెప్పగానే, "హారి! మన మాటే పట్టుకుపోయారన్నమాట దొరలు" అని మురిసిపోయింది. (అది గ్రీసులోని ఓ ప్రాంతం పేరునుంచి పుట్టిన మాటని చాలా ఏళ్ళకి గాని నాకు తెలియలేదు.) గడపని 'త్రెషోల్డ్' అంటారంటే మాత్రం ఆవిడకి నోరు తిరగలేదు. "పసుపు రాసి బొట్టుపెట్టే గడపకి అంత కరుకు పేరేమిట్రా!" అంది.

చివరికి వీధిలోకి వచ్చాం. "మరి అరుగో?"

అన్నయ్య బుర్ర గోక్కుని, "వరండా" అన్నాడు.

"అది పంచరా. నేనడిగింది అరుగు."

సోమవారంనాడు మేష్టారినే అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "బెంచి అని వ్రాసుకో" అన్నారు. ఇంటికొచ్చి చెబితే మామ్మ బొత్తిగా ఒప్పుకోలేదు. "బల్ల అయితే చీకటిపడగానే ఎత్తి లోపల పెట్టుకోవచ్చు. అరుగుని ఎత్తుతారుట్రా ఎవరైనా? అది మనకోసం కట్టింది కాదు. ఎండన పడి వచ్చినవాడు ఎవర్నీ అడక్కుండా కూచునేందుకు కట్టింది."

సంక్రాంతి వెళ్ళాక మామ్మ ఢిల్లీ వెళ్ళింది. నాలుగు నెలలైనా తిరక్కుండా వచ్చేసింది. కోడలు సరిగ్గా చూడలేదేమోనని ఊరంతా గుసగుసలు. నేనే ధైర్యంచేసి అడిగాను.

"ఛ! కోడలు బంగారంరా. నువ్వు చెప్పినవన్నీ అక్కడ వున్నాయి. డోరూ, విండో, కిచెనూ – ఒక్కదానిలోనూ పొరపాటు పడలేదు. దేనికి మాట దొరకలేదన్నావో చూడూ, అదొక్కటే లేదు" అంది మామ్మ. ఆ సాయంత్రం అరుగుమీద కూచుని, దారేపోయే ప్రతివాణ్ణీ పేరుపెట్టి పలకరించింది.

ఆవిడ పోయిన చాలా ఏళ్ళకి 'హాబ్సన్ జాబ్సన్' అనే నిఘంటువు నా చేతికొచ్చింది. 1886లో అచ్చయిన పుస్తకం. అందులో కనిపించింది ఆ మాట – 'పయల్'. దక్షిణదేశపు అరుగుని చెప్పడానికి దొరలు పోర్చుగీసువారి దగ్గర తెచ్చుకున్న మాట. మన వీధి అరుగులమీద సాగే బడుల్ని 'పయల్ స్కూళ్ళు' అని వ్రాసుకున్నారట. వాళ్ళకీ సొంత మాట లేదు! పరుగెత్తుకెళ్ళి చెబుదామంటే మామ్మ లేదు. ఆ అరుగులూ లేవు. అన్నదమ్ముల పంపకాల్లో 1998లో ఇల్లు అమ్మేశాం. కొన్నవారు అరుగులు కొట్టించి, దుకాణాలకి ఇనపషట్టర్లు బిగించారు. అమ్మకం కాగితాలమీద నేనూ సంతకం పెట్టాను.

ఇప్పుడు హైదరాబాదులో అబ్బాయి ఫ్లాటులో వుంటున్నాను. మొన్న నా మనవరాలు బడిలో ఇచ్చిన పని ముందేసుకుని కూచుంది – ఇంటి భాగాలకి తెలుగు పేర్లు వ్రాయాలట! గడపా, దూలమూ, అటకా చెప్పాక అరుగు దగ్గరకొచ్చాం.

"అరుగంటే ఏంటి తాతయ్యా?"

మామ్మ చెప్పినట్టే చెప్పాను. కాసేపు ఆలోచించి, కుర్చీ ఒకటి ఈడ్చుకెళ్ళి మా గుమ్మం బయట వేసింది. ఆ మధ్యాహ్నం పార్సెలు తెచ్చిన కుర్రాడు నాలుగంతస్తులు మెట్లెక్కి వచ్చి, ఎవర్నీ అడక్కుండా అందులో కూచుని, మంచినీళ్ళు తాగి వెళ్ళాడు.

నిన్న అసోసియేషన్‌వారి నోటీసు వచ్చింది, నడవాలో సామాను పెట్టరాదని. జవాబు ఇంగ్లీషులోనే ఇవ్వాలట. ఇస్తాను. మాట మాత్రం సిద్ధంగా వుంది.