ఏటిగట్టు చెప్పిన సస్పెన్షన్ పాఠం

నరసాపురం రేవులో పంటు ఎక్కుతుంటే కారు కింద నుంచి ‘గర్ర్‌ర్’మని పెద్ద సౌండ్. రేవులో ఉన్న వాళ్లంతా ఒక్కసారి నా వైపు తిరిగారు. బొండాలు అమ్ముకునే ఆయనైతే, "ఏంటండీ బాబూ, కారు నేల మీద దేకుతోందండీ!" అనేశాడు.

ఆయ్, నిజమే. దేకుతోంది. వారం కిందటే చేతులారా డబ్బులిచ్చి దాన్ని అలా తయారు చేయించింది నేనే.

పక్క సీట్లో నాన్నగారు. ఆయనకి నడుములో డిస్కు సమస్య. నెలకోసారి రాజమండ్రిలో డాక్టరుకి చూపించాలి. ఆ రోజు ముందు మలికిపురంలో మేనత్తని పలకరించి, ఆపైన కోనసీమ మీదుగా వెళ్దామని బయల్దేరాం. పంటు ఎక్కేటప్పుడు పడిన దెబ్బకే ఆయన చెయ్యి నడుం మీదకి వెళ్లింది. ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే నాకు గుచ్చుకుంది.

ఒక్క కారు, రెండు కోరికలు

అసలు కథేంటంటే, నాకు ఆటోక్రాస్ పిచ్చి. మట్టి గ్రౌండులో కోన్లు పెట్టి మలుపుల ట్రాక్ గీస్తారు. ఎవరు తక్కువ టైమ్‌లో తిరిగొస్తే వాళ్లే విన్నర్. మన దేశంలో మోటార్ స్పోర్ట్‌ని చూసే ఎఫ్‌ఎంఎస్‌సీఐ ఆధ్వర్యంలో దీనికి నేషనల్ ఛాంపియన్‌షిప్ కూడా ఉంది. కోట్లు పెట్టి కొన్న రేసు కారే ఉండక్కర్లేదు, ఇంట్లో వాడే కార్లతో పాల్గొనే ఈవెంట్లూ ఉంటాయి. బెంగళూరు వైపు జరిగే ఒకదానికి వెళ్లాలని నేను ఫిక్సయ్యాను.

కానీ కారుని ట్రైలర్ మీద ఎక్కించుకెళ్లే స్తోమత మనకెక్కడిది? ఉన్నది ఒక్క సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్. అందులోనే వెళ్లాలి, దానితోనే పోటీ పడాలి, మళ్లీ అందులోనే ఇంటికి రావాలి. మర్నాడు అదే కారులో నాన్నగారిని ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

యూట్యూబ్ చూసి చూసి నాకొకటి బలంగా ఎక్కేసింది: రేసు కారంటే కిందకి ఉండాలి, స్ప్రింగులు గట్టిగా ఉండాలి. అంతే, చవగ్గా దొరికిందని ఒక కిట్ కొనేసి బిగించేశాను. కంపెనీ ఇచ్చిన 170 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ కాస్తా 130కి దిగింది. ఫొటోల్లో మాత్రం అదిరిపోయింది. స్టేటస్ పెడితే లైకులే లైకులు!

కోనసీమ పెట్టిన పరీక్ష

సఖినేటిపల్లిలో పంటు దిగాక మలికిపురం, రాజోలు, తాటిపాక దాకా ఎలాగో లాక్కొచ్చాను. మీలో కోనసీమ వాళ్లుంటే మీకు చెప్పక్కర్లేదు. ప్రతి ఊళ్లో స్పీడ్ బ్రేకర్లు. కోతల సీజన్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోతలు. టైరు పక్కకి దించితే గట్టు అంచు.

పి.గన్నవరం దాటి కాలవ పక్క రోడ్డు ఎక్కాక అసలు సినిమా మొదలైంది. మన కాలవ గట్లు, ఏటిగట్లు మట్టి పోసి కట్టినవి. పైగా డెల్టా నేల నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిచ్చి కుంగుతుంది. దాని మీద ఎంత బాగా తారు పోసినా కొన్నాళ్లకి రోడ్డు అలలు అలలుగా తయారవుతుంది. గోతులైతే కనిపిస్తాయి, తప్పించుకోవచ్చు. ఈ అలలు కనిపించవు. కారు ఒక అల ఎక్కి దిగేలోపే రెండోది వచ్చేస్తుంది.

నా కారు ప్రతి అలకీ ఎగిరిపడింది. నాలుగు సెంటీమీటర్లు కిందకి దించేశాం కదా, చక్రం పైకి కదలడానికి చోటే మిగల్లేదు. లోపల ఉండే బంప్ స్టాప్ అనే రబ్బరు ముక్కకి ధన్ మని తగలడం, ఆ దెబ్బ సీటులోంచి తిన్నగా వెన్నులోకి వెళ్లడం. రావులపాలెం రాకముందే నాన్నగారు సీటు వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నారు. నిద్ర కాదు, నొప్పి.

"కాసేపు ఆపనా నాన్నగారూ?"

"వద్దులే. ఆపినా మళ్లీ ఎక్కాల్సింది దీన్నే కదా."

లొల్ల లాకుల దగ్గర ఆపేశాను. టీ తాగుతూ లాకుల తలుపుల కేసి చూస్తూ ఆయన మెల్లగా అడిగారు: "ఆ మట్టిలో పరిగెత్తడానికి ఇంత గట్టిదనం నిజంగా కావాలంట్రా?"

నా దగ్గర సమాధానం లేదు. ఎందుకంటే నేనెప్పుడూ ఆ ప్రశ్న అడగనే లేదు.

మెకానిక్ బాబాయ్ క్లాసు

నాన్నగారిని డాక్టరు గదిలోకి పంపి, రాజమండ్రిలో తెలిసిన మెకానిక్ బాబాయ్ దగ్గరికి వెళ్లాను. ఒకప్పుడు లారీల కమాను కట్టలు చేసిన మనిషి. కారు కిందకి ఓ లుక్కేసి నవ్వాడు.

"అబ్బాయ్, స్ప్రింగు పనేంటి?"

"కుదుపు ఆపడం, బాబాయ్."

"కాదు. బరువు మొయ్యడం. కుదుపుని ఆపేది షాక్ అబ్జార్బర్. నువ్వేమో మోసేవాడిని బలంగా పెట్టి, ఆపేవాడిని బక్కోడిని పెట్టావ్."

ఆయన చెప్పింది నాకు అర్థమైన పద్ధతిలో చెప్తాను. పొద్దున్నే లాకులు చూసొచ్చాను కాబట్టి తొందరగానే బుర్రకెక్కింది. పైన నీళ్లు, కింద నీళ్లు. తలుపు ఒకేసారి తెరిస్తే పడవ బోల్తా. సన్నగా వదిలితే పడవ మెల్లగా మట్టం మారుతుంది. షాక్ అబ్జార్బర్ లోపలా అంతే. ఒక గొట్టం, అందులో ఆయిల్, మధ్యలో చిన్న చిన్న వాల్వులున్న పిస్టన్. స్ప్రింగు నొక్కుకున్నప్పుడూ, సాగినప్పుడూ ఆయిల్ ఆ సన్నటి దారుల్లోంచే వెళ్లాలి. అందుకే స్ప్రింగు దూకుడు తగ్గుతుంది. ఆ దూకుడంతా వేడిగా మారుతుంది.

చవక డ్యాంపర్‌తో చిక్కు ఇక్కడే. గతుకుల్లో అదే పనిగా పరిగెత్తిస్తే ఆయిల్ వేడెక్కి నురగ కడుతుంది. నురగకి పట్టు ఉండదు, కారు పడవలా ఊగుతుంది. నైట్రోజన్ గ్యాస్ ప్రెషర్‌తో వచ్చే మంచి డ్యాంపర్లలో ఈ నురగ సమస్య బాగా తగ్గుతుంది.

"మరి రేసు కార్లు నేలకి అతుక్కుపోయి ఉంటాయి కదా బాబాయ్?"

"అవి నున్నటి తారు మీద తిరిగేవి. ర్యాలీ కార్లని చూడు."

ఇంటికెళ్లి చూశాను. నిజమే. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై సర్క్యూట్ లాంటి చోట కారు ఎంత కిందకి ఉంటే అంత లాభం. అదే వరల్డ్ ర్యాలీలో మట్టి స్టేజీలకి కారుని పైకి లేపుతారు, చక్రం కదిలే దూరం పెంచుతారు. తారు ర్యాలీకి మళ్లీ దించుతారు. ఎందుకంటే మట్టి మీద గెలిపించేది నేలని వదలని టైరే. గాల్లో ఉన్న టైరు బ్రేకూ వెయ్యదు, మలుపూ తిప్పదు. మన దేశంలో ఏళ్ల తరబడి మట్టి ర్యాలీల్లో దుమ్ము రేపిన మారుతి జిప్సీకి ఉన్నవి ఏంటో తెలుసా? ముందూ వెనకా కమాను కట్టలే!

గోకవరం ఎర్రమట్టి తీర్పు

బాబాయ్ మాట మీద కారుకి మళ్లీ కంపెనీ స్ప్రింగులు ఎక్కించాను. కంపెనీ పొడవులోనే ఉండే మంచి గ్యాస్ డ్యాంపర్లు, అరిగిపోయిన రబ్బరు బుష్‌లు, పైన ఉండే స్ట్రట్ మౌంట్లు కొత్తవి వేయించాను. ఇంజిన్ కింద ఒక సంప్ గార్డ్.

గోకవరం వైపు మెట్ట ప్రాంతంలో ఒక ఫ్రెండ్ వాళ్ల ఖాళీ చేను ఉంది. ఎర్రమట్టి, మధ్యమధ్యలో గులకరాళ్లు. వాళ్ల నాన్నగారి పర్మిషన్ తీసుకుని, కోన్ల బదులు కొబ్బరి డొక్కలు పెట్టి, హెల్మెట్లు వేసుకుని తిరిగాం. గట్టి స్ప్రింగులతో ముందు వారం అక్కడే తిరిగాను కాబట్టి పోల్చడం తేలికైంది.

అప్పుడు మలుపులో స్టీరింగ్ తిప్పితే కారు తిన్నగా జారిపోయేది. ఇప్పుడు బ్రేకు మీద కాలు పెట్టగానే ముక్కు కొంచెం వంగుతోంది, బరువు ముందు టైర్ల మీదకి వస్తోంది, అవి మట్టిని పట్టుకుంటున్నాయి. చూసేవాళ్లకి కారు ఎక్కువ ఊగుతున్నట్టే ఉంది. స్టాప్‌వాచ్ మాత్రం వేరే మాట చెప్పింది. ప్రతి రౌండులోనూ పాత టైమ్ కన్నా తక్కువే. మెత్తటి కారే ఫాస్టు!

మీరూ మొదలుపెట్టాలనుకుంటే

ముందు చెకప్. కారు మూలని గట్టిగా కిందకి నొక్కి వదలండి. పైకి లేచి నిలబడిపోతే ఓకే. ఊగుతూనే ఉంటే డ్యాంపర్ పోయినట్టే. దాని ఒంటి మీద ఆయిల్ జిడ్డు ఉన్నా అంతే.

డబ్బు తక్కువుంటే స్ప్రింగుల జోలికి వెళ్లకండి, మంచి డ్యాంపర్ల మీద పెట్టండి. ఇంకాస్త ఉంటే నాబ్ తిప్పి అడ్జస్ట్ చేసుకునేవి తీసుకోండి. ఇంటి దగ్గర మెత్తగా, గ్రౌండులో కొంచెం బిగువుగా పెట్టుకోవచ్చు. పని అయ్యాక వీల్ అలైన్‌మెంట్ మర్చిపోవద్దు.

టైరు కూడా సస్పెన్షనే. స్విఫ్ట్‌కి వచ్చే 165/80 ఆర్14 టైరు గోడ ఎత్తు 132 మిల్లీమీటర్లు. 185/65 ఆర్15 అయితే 120. పెద్ద అల్లాయ్‌ల మోజులో ఆ గోడని ఇంకా పలచన చేస్తే గతుకు దెబ్బ తిన్నగా రిమ్ముకే.

ఇంకో మాట. కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 మీద తీర్పిచ్చింది. ఏదైనా మార్చే ముందు ఆర్టీఏ వాళ్లనీ, ఇన్సూరెన్స్ వాళ్లనీ అడగండి. ఇక ప్రాక్టీసు ఏటిగట్టు మీద మాత్రం వద్దే వద్దు. అక్కడ పిల్లలు సైకిళ్ల మీద స్కూలుకి వెళ్తుంటారు.

బెంగళూరు వెళ్లొచ్చాను. నా ప్లేస్ ఎంతంటారా? కింద నుంచి లెక్కపెడితే తొందరగా దొరుకుతుంది. కానీ వెళ్లిన కారులోనే, ఒక్క బోల్టు కూడా మార్చకుండా ఇంటికి వచ్చాను.

మొన్న మళ్లీ అదే దారిలో డాక్టరు దగ్గరికి బయల్దేరాం. పంటు ఎక్కేటప్పుడు సౌండ్ లేదు. బొండాల ఆయన నా వైపు చూడనైనా లేదు. లొల్ల లాకుల దగ్గర టీకి ఆపుదామని పక్కకి చూస్తే నాన్నగారు కళ్లు మూసుకుని ఉన్నారు. గుండె ఝల్లుమంది. చెయ్యి చూశాను. నడుం మీద లేదు, ఒళ్లో ఉంది. ఆపలేదు. ఆత్రేయపురం, బొబ్బర్లంక దాటి బ్యారేజీ ఎక్కాక గోదారి గాలి తగిలి లేచారు.

"అప్పుడే ధవళేశ్వరం వచ్చేశామేంట్రా?"