కాపలాదారు కునుకు తీస్తే...

సోంపేట నుంచి వచ్చి విశాఖలో మొదటిసారి విమానమెక్కిన పెద్దావిడ అడిగే మాట దాదాపు ఒకటే. ‘‘బాబూ, చెవులు దిబ్బళ్లేసినాయి, ఏటైనాదేటి?’’ కొడుకు నవ్వి, ‘‘ఏటీ అవ్వలేదమ్మా, గుటకలెయ్యి’’ అంటాడు. విజయనగరం నుంచి అశోక్‌ గజపతిరాజు 2014లో, శ్రీకాకుళం నుంచి రామ్మోహన్‌నాయుడు 2024లో విమానయాన మంత్రులయ్యారు కాబట్టి ఇక్కడ విమానాల ముచ్చట్లకు లోటుండదు. ఆ చెవుల సంగతే ఎవరూ పట్టించుకోరు.

35 వేల అడుగుల ఎత్తున మాస్కు లేకుండా మనిషి తెలివిలో ఉండి పనిచేయగలిగేది అర నిమిషం, మహా అయితే నిమిషం. మరి లోపల హాయిగా కాఫీ ఎలా తాగుతున్నారు? ఇంజిన్లో ఒత్తిడికి కాగిన గాలిలో కొంత పక్కకు లాగి, చల్లార్చి క్యాబిన్‌లోకి పంపుతారు. అదే బ్లీడ్‌ ఎయిర్‌. ఎయిర్‌బస్‌ ఎ320 గొట్టాల్లో అది సుమారు 200 డిగ్రీల వేడితో పరుగెడుతుంది. గొట్టం ఎక్కడైనా చీలితే చుట్టుపక్కల ఉన్నవి కాలిపోతాయి. అందుకే వేడినీ ఒత్తిడినీ లీకునీ కనిపెట్టడానికి ఇంజిన్‌కొకటి చొప్పున రెండు కంప్యూటర్లను కాపలా పెట్టారు. ఒకటి మొరాయిస్తే దాని పని చాలావరకు రెండోది అందుకుంటుంది.

కంప్యూటర్‌ పోయిందంటే గాలి పోయిందని కాదు. పలాస జీడి ఫ్యాక్టరీలో బాయిలర్‌ మీది మీటరు పాడైతే ఆవిరి ఆగిపోతుందా? ఎంత ఉందో తెలీదు, అంతే. పైలట్లకు చిక్కంతా ఇక్కడే. ఒక ఇంజిన్‌ గాలి ఆగిపోతే మధ్య కవాటం తెరిచి రెండో ఇంజిన్‌ గాలిని ఇటూ మళ్లించొచ్చు. అదే లీకైతే ఆ కవాటం మూసే ఉంచాలి. తెరిచారో, ఉన్న ఆ కాస్త మంచి గాలీ చీలిక దగ్గరికే వెళుతుంది! అందుకే ఎంత అనుభవజ్ఞులైనా తెర మీది హెచ్చరిక పూర్తిగా చదివి, ఒకరు చెబుతుంటే ఇంకొకరు సరిచూసుకుని మరీ స్విచ్‌ ముట్టుకుంటారు. రెండువైపులా గాలి ఆగిందా... ఇక ఆలోచనల్లేవు. ముందు తమ మాస్కు, తర్వాత 10 వేల అడుగులకు దిగడం. ప్రయాణికుల మాస్కుల్లో ఆక్సిజన్‌ వచ్చేది పావుగంట లోపే మరి.

యంత్రాలన్నీ బాగుండి కూడా గాలి చాలని రోజులున్నాయి. 2018 సెప్టెంబరు 20న ముంబయి నుంచి జైపూర్‌ బయల్దేరిన జెట్‌ ఎయిర్‌వేస్‌ విమానంలో బ్లీడ్‌ స్విచ్‌ వేయడం మరిచిపోయారు. దాదాపు 30 మందికి ముక్కుల్లోంచి, చెవుల్లోంచి నెత్తురొచ్చింది. విమానం వెనక్కి తిరగడంతో ప్రాణాలు దక్కాయి. 2005 ఆగస్టు 14న సైప్రస్‌ నుంచి ఏథెన్స్‌ వెళుతున్న హీలియోస్‌ విమానానికి ఆ అదృష్టం లేదు. ఒత్తిడి స్విచ్‌ మాన్యువల్‌లో ఉండిపోయింది. హెచ్చరిక మోగింది కూడా. కానీ టేకాఫ్‌ లోపాలకు మోగేదీ ఆ శబ్దమే కావడంతో పైలట్లు ఇంకేదో అనుకున్నారు. అసలు సంగతి తట్టేలోపే స్పృహ తప్పింది. 121 మందీ పోయారు.

హైదరాబాద్‌ దగ్గర పడగానే పెద్దావిడ చెవులు మళ్లీ దిబ్బళ్లేస్తాయి. కొడుకు ఈసారి అడక్కముందే పిప్పరమెంటు చేతిలో పెడతాడు.