లేసు, స్ఫటికము, రెండు మార్కులు

మా నరసాపురమునందును చుట్టుపట్ల గ్రామములందును అరుగుమీద కూర్చుండి లేసు అల్లు స్త్రీలను చూడని వారుండరు. ముడికిని ముడికిని నడుమ నూలు, నూలునడుమ ఖాళీ. 2025వ సంవత్సరమున రసాయనశాస్త్రమునకు నోబెల్ బహుమానమందిన కితగావా, రాబ్సన్, యాఘీ గారల లోహ-సేంద్రియ చట్రములను గూర్చి చదువునపుడు మాకా యరుగులే జ్ఞప్తికి వచ్చినవి. ఆ స్ఫటికములలో లోహపరమాణువులే ముడులు, కర్బనపు అణువులే నూలుపోగులు. నడిమి ఖాళీలలో వాయువులు సయితము నిలువగలవు.

ఇంకొక జ్ఞాపకము కూడ వచ్చినది. అది అంత సుఖమైనది కాదు.

మేము ఉద్యోగమున చేరిన క్రొత్తలో, ట్రెయినింగు కాలేజి గర్వము వదలని దినములలో, ఒక విద్యార్థి పరీక్షలో “గట్టి పదార్థము కరగకయే వెలుతురునకు మారును” అని వ్రాసెను. మేము కొట్టివేసి రెండు మార్కులు తగ్గించితిమి. “మా అమ్మ అల్లిన నీలం లేసు ఎండ తగిలినవైపు వెలిసిపోయిందండి మాస్టారూ, కరగలేదు కదండీ?” అని వాడడిగెను. ద్రావణములోనే చర్య జరుగునని గద్దించి కూర్చుండబెట్టితిమి. ఫోటో ఫిలిముమీది వెండిలవణమైనను మాకపుడు స్ఫురింపలేదు! వెలిసిన యా తుండును వ్యాపారి త్రిప్పి పంపెననియు, తల్లి కష్టము వ్యర్థమయ్యెననియు పిమ్మట వింటిమి.

వాని మాటయే నిజము. 1964లో ష్మిట్ అను శాస్త్రజ్ఞుడు సిన్నమిక్ ఆమ్లపు స్ఫటికములను వెలుతురున నుంచి యొక నియమము కనుగొనెను. ప్రక్కప్రక్కనున్న రెండణువుల ద్విబంధములు సమాంతరముగ, సుమారు 4.2 ఆంగ్‌స్ట్రాములలోపల నుండిన, వెలుతురు తగిలినంతనే అవి విడివడి నాలుగు కర్బనముల వలయముగ కలిసికొనును. మిల్లీమీటరును కోటి భాగములు చేయగా నొకటి ఆంగ్‌స్ట్రాము. ద్రావణములో తిరుగులాడు అణువులకు అట్టి పొరుగు స్థిరముగ దొరకదు, స్ఫటికమున దొరకును. లోహపు ముడులతో అణువులను కావలసిన దూరమున నిలుపవచ్చును గనుక, చట్రములలో నీ చర్యను ముందుగనే యూహించి యమర్చుచున్నారు. కొన్నిట స్ఫటికము చెక్కుచెదరదు. కొన్నిట బ్రద్దలగును. చట్రము కాని యొక జింకు సమ్మేళనపు స్ఫటికములు అతినీలలోహిత కాంతికి తాలింపులోని ఆవాలవలె చిట్లి యెగురునని 2014లో సింగపూరునుండి విట్టల్ గారును వారి తోడివారును ప్రకటించిరి. ఆ వ్యాసకర్తలలో మేడిశెట్టి యను ఇంటిపేరు చూచి, పొరుగువానిని చూచినట్లు సంతసించితిమి.

లేసు రంగు వెలియుట యీ వలయపు చర్య కాదు. అది వెలుతురును గాలియు కలిసి రంగును చెరచుట. అయినను వాడడిగిన దానికి అవుననియే చెప్పవలసియుండెను.

మొన్నటి సెలవులలో వారి యింటికి పోయితిమి. తల్లి కుమారునకు ఫోనుచేసి మాచేతికిచ్చెను. మా తప్పు చెప్పగా వాడు నవ్వి, “మార్కులకేమండి మాస్టారూ, ఆ లేసు అమ్మ ఇంకా దాచిందండి, చూశారా?” అనెను. ఆమె పెట్టె తెరచి మడత విప్పెను. వెలుపలివైపు తెల్లబడియుండెను. లోపలివైపు నాటి నీలమే.




“అమ్ముడుపోనిదే కదండీ, పట్టుకెళ్ళండి, పిల్లలకి చూపించండి” అని ఆమె దానిని కాగితమున చుట్టి యిచ్చెను.