మునిర్కాలో పురిటి ఇల్లు

ఉద్యోగరీత్యా స్వస్థలం విడిచి వచ్చిన తెలుగు కుటుంబాలకు తొలి కానుపు ఎక్కడ జరపాలన్నది చిన్న ప్రశ్న కాదు. తొలి పురుడు పుట్టింటివారు పోయడం మన ఆచారం. గాజులు తొడిగి, చలిమిడి పెట్టి, శుభదినం చూచి ఆడపిల్లను తీసుకొని వెళ్తారు. మేమిద్దరము దక్షిణ ఢిల్లీలోని మునిర్కా గ్రామంలో అద్దె ఇంట ఉంటున్నాము. పుట్టిల్లు గుంటూరు జిల్లాలో. ఢిల్లీ నుండి విజయవాడకే సుమారు 1,750 కిలోమీటర్లు, రైలులో ఒక రోజుకు పైగా ప్రయాణం.

సంతానం కావాలని నిశ్చయించుకొన్ననాడే మేము వైద్యురాలిని కలిశాము. ఆమె మొట్టమొదట వ్రాసి ఇచ్చినవి ఫోలిక్ ఆమ్లం మాత్రలు, రోజుకు 400 మైక్రోగ్రాములు. శిశువు మెదడుకు, వెన్నుపాముకు మూలమైన నాళం గర్భం నిలిచిన మొదటి నాలుగు వారాలలోనే మూసుకొంటుంది. అప్పటికి చాలామందికి గర్భం సంగతే తెలియదు. కనుక ఈ మాత్రలు ముందునుండే వేసుకోవాలన్నారు. నాలుగవ నెల నుండి ఇనుము మాత్రలు తోడయ్యాయి. వాటిని టీతో గాని పాలతో గాని కలిపి తీసుకోరాదని, నిమ్మరసం మంచిదని తెలుసుకొన్నాము.

ఏడవ నెలలో రక్తపోటు కొంత హెచ్చుగా కనబడింది. తొలినుండి చూస్తున్నవారి వద్దనే కానుపు జరగడం మేలని, దూర ప్రయాణం తగదని వైద్యురాలు చెప్పారు. ఈ సంగతి ఊరికి తెలియజేయడం మాకు కష్టమైంది. మాలో ఒకరికి అమ్మ, మరొకరికి అత్తగారు అయిన పెద్దావిడ ఫోనులో చాలాసేపు మౌనంగా ఉండిపోయారు. “తొలి కానుపు పుట్టింట్లో కాకపోతే నలుగురూ ఏమనుకుంటారమ్మా?” అన్నారు. మరునాడు ఉదయం ఆమే ఫోను చేసి, “రక్తపోటు ఉన్న పిల్లను రైలెక్కించి నేను మాత్రం ఎట్లా నిద్రపోతాను? నాకు టిక్కెట్టు తీయండి బాబూ” అన్నారు. పుట్టిల్లే బయలుదేరి మునిర్కాకు వచ్చింది.

ఎయిమ్స్, సఫ్దర్‌జంగ్ వంటి పెద్ద ఆసుపత్రులు మునిర్కాకు దగ్గరే. అయినా మా ఇల్లున్న సందులోకి అంబులెన్సు రాదు. రెండు మోటారుసైకిళ్ళు ఎదురైతే ఒకటి ఆగవలసిన సందు అది. అందుచేత తొమ్మిదవ నెల రాగానే ఎవరు ఏమి చేయాలో కాగితంపై వ్రాసి గోడకు అంటించాము. ఇంటి నుండి పెద్ద రోడ్డు వరకు నడిచేందుకు పట్టే సమయం, అంబులెన్సుకు 102, ఆసుపత్రి నంబరు, అదే గ్రూపు రక్తం గల ఇద్దరు సహోద్యోగుల పేర్లు అందులో ఉన్నాయి. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలికలు తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా తెల్లవారే దాకా ఆగరాదని ఎర్ర సిరాతో వ్రాశాము. ఇంటి యజమాని కుమారుడు తన కారును ఆ నెలంతా సందు చివరనే నిలిపి ఉంచారు. మేము అడగలేదు. ఆయన తల్లి, మేమంతా ‘దాదీ’ అని పిలిచే వృద్ధురాలు, అట్లా చేయమన్నారట.

జనవరిలో ఒక రాత్రి ఆ కాగితం పనికివచ్చింది. దట్టమైన పొగమంచులో, చెరొక చేయి పట్టుకొని సందు దాటించాము. తెల్లవారకముందే ఆడపిల్ల పుట్టింది. బరువు 2 కిలోల 800 గ్రాములు. గంటలోపే ముర్రుపాలు పట్టించారు. ఆసుపత్రిలోనే బి.సి.జి., పోలియో చుక్కలు, హెపటైటిస్ బి టీకా పూర్తయ్యాయి.

అసలు పరీక్ష ఇంటికి వచ్చిన తరువాత ఎదురైంది. పురిటి గదిలో కుంపటి పెట్టి సాంబ్రాణి వేయడం అమ్మకు తెలిసిన పద్ధతి. ఆ వారం రాత్రి ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు దిగింది. తలుపులు బిగించి నిప్పులు పెడదామన్నారు. మన ఊళ్ళలో పెంకుటిళ్ళకు గాలి వచ్చే సందులుంటాయి. ఇక్కడి గదికి ఒకటే కిటికీ. మూసిన గదిలో బొగ్గు మండితే వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. ఢిల్లీ చలికాలంలో అంగీఠీ పెట్టుకొని నిద్రించినవారు మరి లేవలేదన్న వార్తలు తరచుగా చదువుతూనే ఉంటాము. మేము చెప్పినా అమ్మ మనసు ఒప్పుకోలేదు. పైకి వచ్చిన దాదీ కుంపటిని చూచి, మాట మాట్లాడకుండా దానిని ఎత్తి మేడ మీద పెట్టి వచ్చారు. తరువాత పసిబిడ్డను తల్లి గుండెకు ఆనించి, పైన రజాయి కప్పి, ‘ఇదీ వెచ్చదనం’ అన్నట్లు సైగ చేశారు. ఆసుపత్రిలో నర్సు చెప్పినదీ అదే.

ఒకరి భాష మరొకరికి రాని ఆ ఇద్దరు పెద్దవారికి వంటగదిలో స్నేహం కుదిరింది. మన సొంఠి అక్కడ సోంఠ్, మన వాము అజ్వాయిన్. దాదీ గోంద్ లడ్డూలు తెస్తే, అమ్మ వెల్లుల్లి కారం పంపారు. బాలింత నీళ్ళు తక్కువ తాగాలన్న మాటను మాత్రం వైద్యురాలు ఒప్పుకోలేదు. పాలిచ్చే తల్లికి నీరు ధారాళంగా అందాలన్నారు. నూనె మర్దన, విశ్రాంతి, వేడి అన్నం ఆమెకూ సమ్మతమే. ఏది ఉంచాలో, ఏది విడువాలో పెద్దలను నొప్పించకుండా వైద్యుల ఎదుటనే అడిగి తేల్చుకోవడం మాకు ఉపకరించింది.

సెలవుల సంగతి కూడా చెప్పాలి. 1961 నాటి చట్టం ఇచ్చిన 12 వారాల ప్రసూతి సెలవును 2017 సవరణ 26 వారాలకు పెంచింది. తండ్రికి 15 రోజుల సెలవు కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 1997లోనే వచ్చింది. ఆ సెలవును అతిథులకు కాఫీలు అందించడానికి గాక, రాత్రివేళ బిడ్డను ఎత్తుకోవడానికి వినియోగించుకొన్నాము. జనన నమోదు 21 రోజులలో చేయించవలసి ఉన్నందున బారసాలకు ముందే ఆ పని ముగించాము.

బారసాలనాడు చీరతో కట్టిన ఉయ్యాలను మొదట ఊపినది అమ్మ, తరువాత దాదీ. బదిలీపై దూర ప్రాంతాలకు వెళ్ళి తొలి కానుపుకు ఎదురుచూస్తున్న సహోద్యోగ కుటుంబాలకు మా విన్నపం ఒక్కటే: ఆసుపత్రిని ఎంచుకొన్న రోజుననే ఇరుగుపొరుగుతో కూడా మాట్లాడి ఉంచండి.