రెండు లీటరు బండ్లు, ఒక కుడిచెయ్యి

ఫైర్‌బ్లేడ్ మేలా, ఆర్1 మేలా? తమ్ముడి ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ శ్రీపెరుంబుదూర్ దాకా వెళ్లాల్సి వచ్చింది

మామిడిపండ్లకూ మోటార్ సైకిళ్లకూ సంబంధమేమిటని ఎవరైనా అడిగితే, రాజనీతి శాస్త్రం చదివినవాడిగా నా దగ్గర ఓ జవాబుంది. 2006 మార్చిలో అమెరికా అధ్యక్షుడు జార్జి బుష్ ఢిల్లీ వచ్చినప్పుడు మన మామిడికి అమెరికా మార్కెట్ తలుపులు తెరుచుకునే సూచనలు కనిపించాయి. ఆ పక్కనే హార్లీ డేవిడ్‌సన్‌కు మన రోడ్ల మీద చోటివ్వాలన్న మాటా వచ్చింది. 2007లో బేరం కుదిరింది. 800 సీసీ, ఆపైన ఉన్న బైకులు యూరో-3 కాలుష్య ప్రమాణాలకు సరితూగితే చాలు, దిగుమతి చేసుకోవచ్చని కేంద్రం ఒప్పుకుంది. 18 ఏళ్ల విరామం తర్వాత మన మామిడి అమెరికా చేరింది. హార్లీ మాత్రం నింపాదిగా 2010లో గానీ అమ్మకాలు మొదలుపెట్టలేదు. తలుపు తీయించింది అమెరికా వాళ్లయితే ముందుగా లోపలికొచ్చి కూర్చున్నది జపాన్ వాళ్లు. 2007 డిసెంబర్‌లో యమహా వైజడ్ఎఫ్-ఆర్1, 2009లో హోండా సీబీఆర్ 1000ఆర్ఆర్ ఫైర్‌బ్లేడ్ అధికారికంగా మన షోరూముల్లోకి వచ్చాయి. ధర రూ. 10 లక్షల పైమాటే.

అప్పుడు నేను ఎంఏ విద్యార్థిని. హాస్టల్ గదిలో నా మంచం పక్క గోడ మీద ఓ వైపు లెనిన్, ఇంకో వైపు వాలెంటినో రోసీ. ఇద్దరికీ పడదని రూమ్మేట్ వెక్కిరించేవాడు. జూబ్లీహిల్స్‌లో ఓ సిగ్నల్ దగ్గర మొదటిసారి ఆర్1ని చూసినప్పుడు నేను ఎక్కిన సిటీ బస్సు దాని పక్కనే ఆగింది. పచ్చలైటు పడ్డాక రెండు సెకన్లలో ఆ బండి కనిపించలేదు. శబ్దం మాత్రం కాసేపు మిగిలింది. నెలకు రెండు వేలతో గడిపే నాకు ఆ బండి టైరు కూడా అందని ద్రాక్షే.

కాలం గమ్మత్తయింది. ఆనాటి బండ్లే ఇప్పుడు సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో ఓ మాదిరి కారు ధరకు దొరుకుతున్నాయి. మా పిన్ని కొడుకు వయసు 24, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, దాచుకున్న డబ్బు, నడిపేది 150 సీసీ బండి. వాడి కన్ను రెండింటి మీద పడింది. హైదరాబాద్‌లో ఒక 2009 ఆర్1, బెంగళూరులో అదే ఏడాది ఫైర్‌బ్లేడ్. ''ఏది తీసుకోమంటావు అన్నయ్యా?'' అని వాడడిగాడు. మర్నాడు తెనాలి నుంచి పిన్ని ఫోన్. ''ఒరే నాన్నా, వాడు ఎవరి మాటా వినడు, నీ మాట వింటాడు. ఏదో ఒకటి చెప్పి మాన్పించు.'' ఇద్దరికీ ఒకే జవాబు చెప్పడం కుదరదని నాకు తెలుసు. ముందు రెండు బండ్లనూ నడిపి చూడాలనుకున్నాను.

ఈ రెంటి వైరం పాతదే. 1992లో తదావో బాబా అనే ఇంజనీరు నాయకత్వంలో హోండా తొలి ఫైర్‌బ్లేడ్‌ను తెచ్చింది. ఇంజన్ 893 సీసీ, బరువు పెట్రోలు, ఆయిలు లేకుండా 185 కిలోలు. పెద్ద బండి బలాన్ని 600 సీసీ బండి ఒంట్లో పెట్టడం ఆయన సూత్రం. అంతదాకా గుర్రపుశక్తి లెక్కలతో కుస్తీ పడుతున్న పోటీదారులకు బరువు తగ్గించడమే వేగమని అప్పుడు తెలిసొచ్చింది. 1998లో కునిహికో మివా బృందం ఆర్1తో బదులిచ్చింది. 998 సీసీ, 150 గుర్రపుశక్తి, 177 కిలోలు. గేర్‌బాక్స్‌లోని ఇరుసులను ఒకదాని వెనక ఒకటిగా కాకుండా ఒకదానిపై ఒకటి వచ్చేలా అమర్చి ఇంజన్‌ను పొట్టిగా చేశారు. అలా మిగిలిన చోటును వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్‌ను పొడుగు చేయడానికి వాడుకున్నారు. మలుపు నుంచి బయటపడేటప్పుడు ఆ పొడుగే వెనక టైరుకు పట్టునిస్తుంది.

తమ్ముడి ముందున్న రెండు మోడళ్లూ కాగితం మీద కవలల్లా కనిపిస్తాయి. 2008లో కొత్త రూపు దిద్దుకున్న ఫైర్‌బ్లేడ్‌కు 12,000 ఆర్‌పీఎం వద్ద 178 పీఎస్ శక్తి. 2009 ఆర్1కు 12,500 వద్ద 182. పెట్రోలు నింపాక మొదటిది 199 కిలోలు, రెండోది 206. తేడా నాలుగు గుర్రాలు, ఏడు కిలోలు. నడిపేవాడు రెండు రోజులు ఉపవాసం చేస్తే చెరిగిపోయేంత తేడా అని నవ్వుకోవచ్చు. కానీ ఆర్1 ఇంజన్ లోపల జరిగేది పూర్తిగా వేరు.

మామూలు నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో (ఫైర్‌బ్లేడ్‌దీ అదే) రెండు పిస్టన్లు పైకి వెళితే రెండు కిందికొస్తాయి. ప్రతి సగం చుట్టుకూ నాలుగూ ఒకేసారి ఆగుతాయి, మళ్లీ ఒకేసారి పరుగందుకుంటాయి. ఈ ఆగడం, పరుగెత్తడంలో పుట్టే ఊపు పెట్రోలు మండి పుట్టిన బలంతో కలిసి వెనక చక్రానికి చేరుతుంది. బండిని బాగా వాల్చిన మలుపులో రైడర్ తన కుడిచేత్తో అడిగిన బలమెంతో, ఇంజన్ తనంతట తాను కలిపిందెంతో తేల్చుకోవడం కష్టం. 2009 ఆర్1లో క్రాంక్‌షాఫ్ట్ మీది పిన్నులను 90 డిగ్రీల ఎడంతో అమర్చారు. రెండు పిస్టన్లు ఆగినప్పుడు మిగతా రెండూ పరుగులో ఉంటాయి. దాంతో ఆ అదనపు ఊపు చాలావరకు చెల్లిపోతుంది. సిలిండర్లు 270, 180, 90, 180 డిగ్రీల తేడాలతో మండుతాయి కాబట్టి శబ్దం కూడా సమంగా ఉండదు, గొంతు తడబడుతున్నట్టు గుర్రుమంటుంది. 2004లో హోండాను వదిలి యమహాలో చేరిన రోసీ ఆ ఏడాదే మోటోజీపీ ప్రపంచ చాంపియన్ అయిన ఎం1 రేసు బండిలో వాడిన ఉపాయమిది. 2009లో బెన్ స్పీస్ కూడా ఈ ఆర్1 మీదే, తన తొలి సీజన్‌లోనే వరల్డ్ సూపర్‌బైక్ టైటిల్ కొట్టాడు.

చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూర్ దారిలో ఇరుంగాట్టుకోటై రేసు ట్రాక్ ఉంది. పొడవు సుమారు 3.7 కి.మీ. రేసులు లేని కొన్ని రోజుల్లో డబ్బు కట్టి సొంత బండ్లు నడుపుకోవచ్చు. నా మిత్రులు ఇద్దరికి సరిగ్గా ఇవే మోడళ్లున్నాయి. బతిమాలితే తెచ్చారు. తమ్ముడు తన 150 సీసీతో వచ్చాడు. ఉదయం ఎనిమిదింటికే తోలు సూటు లోపల చెమట కాలువ కట్టింది.

ముందు ఫైర్‌బ్లేడ్. ఎక్కి కూర్చోగానే ఆశ్చర్యపరిచేది దాని చిన్నతనం. మోకాళ్ల మధ్య ఒదిగిపోతుంది. రెండు రౌండ్లు అయ్యేసరికి ఇది నా బండేనన్న భ్రమ కల్పిస్తుంది. దాని గరిష్ఠ టార్క్ 112 న్యూటన్ మీటర్లు 8,500 ఆర్‌పీఎం దగ్గరే దొరుకుతుంది. మలుపులో ఓ గేరు ఎక్కువలో ఉన్నా విసుక్కోకుండా లాక్కుపోతుంది. బ్రేకు పట్టినప్పుడు ముందు చక్రం నిలకడగా ఉంటుంది. వేగం పెరిగే కొద్దీ హ్యాండిల్‌ను బిగించే ఎలక్ట్రానిక్ డ్యాంపర్ తన పని తాను చేసుకుపోతుంది. అన్నీ తెలిసి ఏమీ మాట్లాడని పాతకాలపు ఐఏఎస్ కార్యదర్శిలాంటి బండి. మంత్రి తప్పు చేయబోతున్నా ఫైలు సర్దేస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. అంతా సజావుగా ఉందనిపిస్తూనే స్ట్రెయిట్ చివర మీటరు 220 చూపించింది. నాకైతే 160 అనిపించింది.

ఆర్1 అలా సర్దదు. దాని 115.5 న్యూటన్ మీటర్ల టార్క్ కోసం 10,000 ఆర్‌పీఎం దాకా పోవాలి. వెంట వెంటనే కుడికీ ఎడమకీ తిప్పాల్సిన చోట ఆ ఏడు కిలోలూ భుజాలకు తెలుస్తాయి. సైలెన్సర్లు సీటు కిందే ఉండటంతో మద్రాసు ఎండకు తోడు తొడల కింద పొయ్యి. కానీ మలుపు మధ్యలో, బండి ఇంకా వాలి ఉండగానే కుడి మణికట్టును కొద్దిగా తిప్పినప్పుడు జరిగింది నేను మరిచిపోలేను. వెనక టైరు తారును ఎంత గట్టిగా పట్టుకుందో, ఇంకెంత ఇస్తే జారుతుందో సీటు ద్వారా తెలుస్తూనే ఉంది. అడిగినంతే ఇచ్చింది, ఇచ్చింది ఎంతో చెప్పింది. మొదటి రెండు రౌండ్లు ఫైర్‌బ్లేడ్ కన్నా నెమ్మదిగా తిరిగాను. ఎనిమిదో రౌండ్‌కు దాన్ని దిగబుద్ధి కాలేదు.

నా తీర్పు అడిగితే ఇదీ. బాగా నడపడం వచ్చినవాడికి ఆర్1 ఎక్కువ నేర్పుతుంది. ఓ మోస్తరుగా వచ్చినవాడికి ఫైర్‌బ్లేడ్ ఎక్కువ క్షమిస్తుంది. రోజూ ఉదయం స్టార్ట్ చేసుకుని ఓ గంట తిరిగొచ్చేందుకు ఫైర్‌బ్లేడ్ మేలు. ఏడాదికి నాలుగుసార్లు ట్రాక్‌కు పోయేవాడికి ఆర్1 ఇచ్చే ఆనందం వేరు. రెండింటికీ ఓ ఉమ్మడి గుణముంది. ఈ రెండు బండ్లలోనూ ట్రాక్షన్ కంట్రోల్ లేదు. ఆర్1కు అది 2012లో, ఫైర్‌బ్లేడ్‌కు 2017లో వచ్చింది. మా మిత్రుడి ఫైర్‌బ్లేడ్‌కు గానీ, ఆర్1కు గానీ ఏబీఎస్ కూడా లేదు. కుడిచెయ్యి పొరపాటు చేస్తే అడ్డుపడే అధికారి ఎవరూ లేరు. మా శాస్త్రంలో అధికారానికి పగ్గాలుండాలని పుస్తకాల కొద్దీ చదివాం. ఇక్కడ పగ్గాలన్నీ నడిపేవాడి బుర్రలోనే ఉండాలి.

మధ్యాహ్నం తమ్ముడికి ఫైర్‌బ్లేడ్ మీద రెండు రౌండ్లకు అనుమతి దొరికింది. సగానికి మించి యాక్సిలరేటర్ తిప్పొద్దన్నది యజమాని షరతు. తిరిగొచ్చి హెల్మెట్ తీశాక వాడు ఐదు నిమిషాలు మాట్లాడలేదు. మంచినీళ్లు తాగి, ''అన్నయ్యా, నేను సగం కూడా తిప్పలేదు'' అన్నాడు. వాడి ముఖంలో సంతోషం ఉంది, భయమూ ఉంది. రెండోది చూసి నాకు కాస్త ధైర్యమొచ్చింది.

ఈ బండ్లు మొదటి గేరులోనే గంటకు 140 కి.మీ. దాటగలవు. నాలుగు వరుసల రహదారి మీద కూడా మన దేశంలో మోటార్ సైకిల్ గరిష్ఠ వేగ పరిమితి 80. అంటే చట్టప్రకారం నడిపితే మిగిలిన ఐదు గేర్లూ అలంకారమే. 18 నిండినవాడు 100 సీసీ బండి మీద ఎనిమిది అంకె వేసి తెచ్చుకున్న లైసెన్సే 180 గుర్రాలకూ చెల్లుతుంది. బ్రిటన్‌లో 24 ఏళ్ల లోపువాడు నేరుగా ఇలాంటి బండి లైసెన్సుకు వెళ్లలేడు. ముందు 35 కిలోవాట్ల లోపు బండి నడిపి మెట్టు మెట్టుగా ఎక్కాలి. మనకు దిగుమతి సుంకం మీద ఉన్న శ్రద్ధ ఆ మెట్ల మీద లేదు. మామిడి బేరంలో పొగ ప్రమాణాల గురించి మాట్లాడుకున్నారు. నడిపేవాడి ప్రమాణాలకు మాత్రం పాత లైసెన్సుతోనే సరిపెట్టారు.

2022లో మన రోడ్ల మీద 1,68,491 మంది చనిపోతే వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద వెళుతున్నవారే. వారిలో లీటరు బండ్ల వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే కావచ్చు. కానీ మా పిన్నికి అంకెలతో పనిలేదు. 2010లో నటుడు కోట శ్రీనివాసరావు కుమారుడు, 2011లో క్రికెట్ మాజీ కెప్టెన్ అజారుద్దీన్ కుమారుడు హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద బైకు ప్రమాదాలకు బలైనప్పుడు టీవీలో ఆ తండ్రుల ముఖాలను ఆమె చూసింది. అజారుద్దీన్ కుమారుడు నడిపింది కూడా ఈ కోవకు చెందిన వెయ్యి సీసీ సుజుకీయే. ఆ కుర్రాడికి 19 ఏళ్లు. ''అంత పెద్దవాళ్లే పిల్లల్ని కాపాడుకోలేకపోయారు'' అంటుంది పిన్ని. ఆ మాటకు టార్క్ లెక్కలతో జవాబు చెప్పలేం.

పోనీ ఈ మోజు ఎన్నాళ్లుంటుందో చూద్దామన్నా, ఈ జాతి బండ్లకు రోజులు దగ్గరపడుతున్నట్టే ఉంది. కొత్త కాలుష్య నిబంధనల దెబ్బకు 2025 నుంచి యమహా ఐరోపాలో ఆర్1ను రోడ్డు మీద నడిపేందుకు అమ్మడం మానేసింది. అక్కడది ట్రాక్‌కే పరిమితం. అది పుట్టింది అందుకే గనుక నాకు పెద్దగా బాధ కలగలేదు. ఇక్కడ 2009లో రిజిస్టరైన బండికి 15 ఏళ్ల గడువు తీరింది. ఫిట్‌నెస్ చూపించి మళ్లీ రెన్యువల్ చేయించుకోవాలి. దానికి తోడు టైర్లు, చైను, బ్రేకు ప్యాడ్లు. కొన్న ధర కన్నా ఉంచుకునే ఖర్చే భారం.

తమ్ముడికి నేను చెప్పింది సూటిగానే చెప్పాను. రెండింటిలో నీకు తగింది ఫైర్‌బ్లేడ్. కానీ ఇప్పుడు కాదు. ముందు 300 సీసీ బండి, ఏబీఎస్ ఉన్నది. రెండేళ్లలో ఆరుసార్లు ట్రాక్. అప్పటికీ సగానికి మించి తిప్పడానికి భయం వేస్తే, ఆ భయం ఉన్నందుకు కొనుక్కో. భయం పోతే మాత్రం నన్నడగొద్దు. పిన్నికీ ఇదే చెప్పాను. ఆమె సంతోషించలేదు. రెండేళ్లు వాయిదా పడిందన్న ఊరట మాత్రం గొంతులో వినిపించింది.

వాడిప్పుడు 300 సీసీ బండి నడుపుతున్నాడు. ట్రాక్‌కు మూడుసార్లు వెళ్లొచ్చాడు, ఒకసారి పడ్డాడు, మోచేయి గీసుకుపోయింది. బెంగళూరు ఫైర్‌బ్లేడ్ ఇంకా అమ్ముడుపోలేదట. ధర మరో యాభై వేలు తగ్గిస్తానని దాని యజమాని పోయిన వారం వాడికి ఫోన్ చేశాడు. ''ఇంకా మూడు ట్రాకులు ఉన్నాయండీ'' అని వాడు జవాబిచ్చాడట.